వెన్ను మందం

అడిక్‌మెట్ వంతెన దిగంగనే ఎడమ పక్క,
జిరాక్సు దుకాణానికీ చాయ్ హోటల్‌కూ నడుమ
ఏడడుగుల జాగ నాది.
ముప్పై ఒక్క ఏండ్ల సంది
ఈ యూనివర్సిటీ రాసిందంతా నా సూది కిందికెల్లే పోయింది.
పదో తరగతి తప్పినోన్ని.
అయితేంది, వెన్ను మీద బొటనవేలు పెడితే
ఎన్ని పేజీలో చెప్త, రెండు అటో ఇటో.

మ్యాకల స్వరూప మొదటిసారి వచ్చినప్పుడు
రెండు వేళ్ల మందం ఉండె ఆమె థీసిస్.
జగిత్యాల దిక్కు నలభై ఊర్లు తిరిగిందట.
శంషాబాద్ కార్గో గేటు కాడ రాత్రులు కూసున్నదట,
పెట్టెలు దిగుతుంటే పేర్లు రాసుకునేటందుకు.
నాలుగో అధ్యాయం మొత్తం పట్టికలే:
పేరు, ఊరు, కంపెనీ, రావాల్సిన జీతం,
గుండె ఆగిందన్న సర్టిఫికెట్,
వయసు. ఇరవై తొమ్మిది. ముప్పై రెండు. ఇరవై ఆరు.
బంక ఆరేదాక చదివిన.

అట్ట మీదికి సీసపు అక్షరాలు పేర్చిన:
"తిరిగొచ్చిన పెట్టెలు: గల్ఫ్ మరణాలు, బకాయి జీతాలు."
నా డబ్బాల 'ట్టె' అరిగిపోయి ఉంటే
ఛత్తా బజార్ పోయి కొత్తది తెచ్చిన.
తెల్లారి ఫోను చేసింది, "కాకా, జర ఆగు."

ఆ వారమే ఆఫీసు నుంచి ఇంకో పని.
తోలు ఫోల్డర్లు రెండు, లోపల పట్టుగుడ్డ,
మీద రెండు జెండాలు, బంగారు రేకుల రెండు ముద్రలు.
ఎడారి దేశపోల్లు వస్తున్నరు సంతకాలకు.
కొత్త ల్యాబు కట్టిస్తరట, పదిహేను మందికి స్కాలర్‌షిప్పులట,
హాస్టల్‌కు నీళ్ల ట్యాంకు గూడ.
కుట్టంగ కుట్టంగ కండ్ల పడ్డది పదకొండో నిబంధన:
'పరస్పర గౌరవానికి భంగం కలిగించే పరిశోధనను
ఉభయ పక్షాలు ప్రోత్సహించరాదు.'
గౌరవం అన్న మాట మీద సూది దించి, దారం గుంజి, ముడేసిన.
నాకు ముట్టింది పద్నాలుగు వేలు.
అబద్ధమెందుకు, మా చిన్నదాని ఇంటర్ ఫీజు దాంతోనే కట్టిన.

ఆమె గైడు దామరాజు సారు చెడ్డోడు గాదు.
ఒకప్పుడు ధర్నాలల్ల మైకు పట్టినోడే.
నా స్టూలు మీద కూసోని అన్నడు,
"ఒక్క అధ్యాయం కోసం పదిహేను మంది
నోటికాడి ముద్ద ఎట్ల గుంజుదం?"
నన్నే అడిగిండనుకున్న.
తలెత్తి చూస్తే కండ్లద్దాలు తుడుసుకుంటున్నడు.

రెండో పేరు వచ్చింది: "గల్ఫ్ వలస: కార్మికుల అనుభవాలు."
పేర్చిన, చెదరగొట్టిన.
మూడోది: "వలస, అవకాశాలు: ఒక పరిశీలన."
దీనికి అక్షరాలన్నీ డబ్బాలనే ఉన్నయి,
ఛత్తా బజార్ పోయే పని పడలేదు.

నిన్న ఐదు కాపీలు తెచ్చింది స్వరూప.
వెన్ను మీద బొటనవేలు పెట్టిన.
"ఎనభై పేజీలు తక్కువున్నయి బిడ్డా."
"ఎనభై నాలుగు" అన్నది.
పైసలు నేను అడగకముందే బల్ల మీద పెట్టి పోయింది.

రాత్రి కుడుతుంటే చూసిన.
ఐదో అధ్యాయాన్ని నాలుగని దిద్దిన్రు,
పేజీల నంబర్లు, విషయసూచిక, అన్నీ సక్కగ మార్చిన్రు.
రెండొందల పన్నెండో పేజీ అడుగున మాత్రం
చీమలంత అక్షరాలల్ల ఒక్క పాదసూచిక మిగిలింది:
'పేర్ల కోసం నాలుగో అధ్యాయం చూడండి.'
చూస్తే అక్కడ పెట్టుబడుల లెక్క ఉన్నది.
మరిచిపోయిందో, కావాలనే ఉంచిందో
నేను అడగను.

మా పనిల ఒక పద్ధతుంది.
తర్వాత రాబోయే పటాలకు
ముందే సన్న కాగితం పట్టీలు కలిపి కుడుతం,
ఎప్పుడన్న తెచ్చి అంటించుకునేటందుకు.
మూడో అధ్యాయం ఒడిసిన కాడ,
ఐదు కాపీలల్ల, ఎవరూ చెప్పకుండనే,
నలభై రెండేసి పట్టీలు కుట్టిన.
వెన్ను మళ్ల రెండు వేళ్లకొచ్చింది.
తెరిస్తే ఆడ జర నోరు తెరుసుకున్నట్టుంటది, అంతే.

ఒక కాపీ ఆ దేశం లైబ్రరీకి గూడ పోతదట.
ఆ పార్సిల్ నేనే కట్టిన,
తాడు రెండు చుట్లు ఎక్కువేసి.